స్పైడర్‌ల్యాండ్: పొగడ్తలను పక్కనపెట్టి వింటే

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరానికి చెందిన స్లింట్ బ్యాండు తన రెండో ఆల్బమ్ ‘స్పైడర్‌ల్యాండ్’ను 1991 మార్చిలో టచ్ అండ్ గో అనే స్వతంత్ర సంస్థ ద్వారా విడుదల చేసింది. ఉన్నవి ఆరే పాటలు, మొత్తం నిడివి నలభై నిమిషాల లోపే. రికార్డు కొట్లలోకి వచ్చేసరికి బ్యాండు విడిపోయింది కాబట్టి దాన్ని మోసుకుంటూ ఊరూరా తిరిగి కచేరీలు చేసేవాళ్లు కూడా లేకపోయారు. ఆ పని సమీక్షకులు, తర్వాతి తరం సంగీతకారులు చేశారు. అందుకే విశాఖపట్నంలో రాక్ వినే కొద్దిమందికి కూడా ఈ రికార్డు సాధారణంగా పాట కంటే ముందు పొగడ్తగానే చేరుతుంది. ఈ మధ్య ఎల్పీ (టర్న్‌టేబుల్ మీద తిప్పి వినే పెద్ద రికార్డు) తెప్పించుకుని, ధ్వనిని మళ్లీ మెరుగుపరిచి 2014లో తెచ్చిన రీమాస్టర్‌ను ఫోనులోనూ విన్నాను. ఆ పొగడ్తలో ఎంత నిలబడుతుందో చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం.

మొదట ఆ పొగడ్త సంగతి. రికార్డింగ్ ఇంజనీరుగా, సంగీతకారుడిగా పేరున్న స్టీవ్ ఆల్బినీ లండన్ వారపత్రిక మెలోడీ మేకర్‌లో దీనికి పది స్టార్లు ఇచ్చాడు. ఆ స్టార్లకు ముందు ఒక బూతు విశేషణం కూడా తగిలించాడు. పదేళ్లు పోయాక ఇది మైలురాయి అవుతుందని, అప్పుడు ప్రతుల కోసం కొట్టుకునే బదులు ఇప్పుడే కొనుక్కోవడం మంచిదని రాశాడు. రెండు ముప్పావు రేటింగుతో ఎవరినీ నొప్పించకుండా గట్టెక్కే సినిమా సమీక్షలకు అలవాటుపడిన మనకు ఇంత బాహాటమైన పక్షపాతం వింతగానే ఉంటుంది. పైగా స్లింట్ తొలి ఆల్బమ్ ‘ట్వీజ్’ను రికార్డు చేసింది ఆల్బినీయే కాబట్టి, ఆ మాటలను తెలిసినవాడి సిఫారసుగా కొట్టిపారేయవచ్చు. కానీ జోస్యం ఫలించింది. స్కాట్లండ్ బ్యాండు మొగ్వాయ్ మొదలుకొని, రాక్ వాద్యాలతోనే మామూలు రాక్ పాట పద్ధతిని వదిలేసే పోస్ట్-రాక్ అనే పేరు కింద చేరిన బ్యాండ్లలో చాలావాటి మీద ఈ రికార్డు నీడ కనిపిస్తుంది.

అందరూ తలవంచలేదు. అమెరికన్ సంగీత సమీక్షకుడు రాబర్ట్ క్రైస్ట్‌గౌ వీళ్లను కళాత్మక రాక్ చేయాలని ఉన్నా ఆ మాట ఒప్పుకునే ధైర్యం లేనివాళ్లుగా తీసిపారేశాడు. పదాల ఊసెత్తకపోతే గిటార్ల హోరును మాత్రం ఆనందించవచ్చన్నాడు. పదాల విషయంలో ఆయనతో సగమే ఏకీభవిస్తాను. ఈ పాటల మాటలను కాగితం మీద పెట్టి కవిత్వంగా చదివితే నిజంగానే పేలవంగా ఉంటాయి. అయితే బ్యాండు గాయకుడు బ్రయాన్ మెక్‌మహన్ వాటిని చాలా భాగం పాడడు, గొణుగుతాడు. పక్క గదిలో ఎవరో తమకు తాము చెప్పుకుంటున్నది మనకు సగం వినబడినట్టుంటుంది. ఆ గొంతు పూర్తిగా అర్థమైపోతే పాట పట్టు సడలిపోతుంది.

సమీక్షలలో ఎక్కువగా కనిపించేది ‘నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడే సంగీతం’ అన్న వర్ణన. తప్పు కాదు, కానీ ఆ కిటుకు ఇప్పుడు ప్రతి కాలేజీ బ్యాండుకూ వచ్చు. నా లెక్కన ఈ రికార్డు బలం లయలో ఉంది. మొదటి పాట ‘బ్రెడ్‌క్రమ్ ట్రయిల్’లో గిటారు తీగను పూర్తిగా నొక్కకుండా మీటి పలికించిన గంటల్లాంటి స్వరాలు ఏడు మాత్రల ఆవృత్తంలో తిరుగుతాయి. కర్ణాటక సంగీతంలోని ఏడు మాత్రల తాళం మిశ్రచాపు తెలిసిన చెవి రెండో ఆవర్తానికే తొడ మీద లెక్క అందుకుంటుంది. రెండో పాట ‘నాస్‌ఫెరాటూ మ్యాన్’ చరణాలు అయిదు మాత్రల్లో నడుస్తాయి. పాశ్చాత్య సమీక్షకులు దీన్ని వంకర లెక్కగా, తెలివితేటల ప్రదర్శనగా చూడవచ్చు. అయిదు మాత్రల ఖండచాపులో కీర్తనలు వింటూ పెరిగినవాళ్లకు అందులో వంకరేమీ వినబడదు. వినబడేదల్లా బ్రిట్ వాల్‌ఫర్డ్ డ్రమ్స్ మీద ఎంత పొదుపుగా ఉన్నాడన్నదే. నింపగలిగిన చోట నింపకుండా వదిలేయడం ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు తేలిగ్గా అబ్బే గుణం కాదు.

మూడో పాట ‘డాన్, అమాన్’లో డ్రమ్స్ అసలు లేవు. రెండు గిటార్లు, ఒక గొంతు, పార్టీలో నలుగురి మధ్యా ఇమడలేక బయటికి వచ్చి నిలబడిన ఒక మనిషి. విశాఖ ఎండాకాలంలో ఇదొక ఆచరణ సమస్య: సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఈ పాటలో మూడో వంతు గాలికి పోతుంది, ఫ్యాను కట్టేస్తే ఉక్కపోతకు మనం పోతాం. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడమే దారి. ‘వాషర్’ దాదాపు తొమ్మిది నిమిషాల పాట, ఆల్బమ్ మొత్తంలో పాట అనదగిన పాట ఇదొక్కటే. దాని తర్వాత వచ్చే వాద్యసంగీతం ‘ఫర్ డిన్నర్’ మాత్రం నాకు రుచించలేదు. చివరి పాటకు ముందు ఊపిరి తీసుకోవడానికి వదిలిన విరామమని దాన్ని సమర్థించవచ్చు కానీ, ఆ పనికి అయిదు నిమిషాలు అక్కరలేదు. ఆల్బమ్‌ను నిర్దోషమని ప్రకటించినవాళ్లు ఈ ముక్కను ఎలా దాటుకుంటూ వెళ్లారో ఆశ్చర్యం.

చివరిది ‘గుడ్ మార్నింగ్, కెప్టెన్’. ఓడ పగిలి ఒక్కడే మిగిలిన కెప్టెన్ ఒక ఇంటి తలుపు కొడతాడు, లోపల ఒక పిల్లవాడు ఉంటాడు. ఏడున్నర నిమిషాల పాటు ఒకే గిటారు పలుకు తలుపు కొట్టినంత మొండిగా సాగి, ఆఖరున అంతదాకా గొణిగిన గొంతే చీరుకుపోయేలా అరుస్తుంది. దీన్ని సమీక్షకులు ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ కావ్యంలోని ముసలి నావికుడితో ముడిపెట్టారు. ఆ కావ్యం చదవకపోయినా, 2020 అక్టోబరులో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర గాలికి కొట్టుకొచ్చి రాళ్ల మధ్య ఇరుక్కుపోయిన బంగ్లాదేశ్ సరుకు నౌక ‘ఎంవీ మా’ను చూసినవాళ్లకు ఈ పాట వివరించనక్కరలేదు. ఆ ఓడ సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. పాటలోని కెప్టెన్‌కు ఆ అదృష్టం లేదు. మైకులోకి దూకుడుగా అరవడాన్ని రాక్ అనుకునేవాళ్లు ఈ ఒక్క అరుపుకు ముందు స్లింట్ ఎంత ఓపిక పట్టిందో లెక్కపెట్టుకోవాలి.

ఇక కొనుగోలు మాట. సీడీ మీద సైతం ఇది ఎల్పీలో వినడానికి చేసిన రికార్డింగని అచ్చువేసిన ఆల్బమ్ ఇది, కాబట్టి ఎల్పీ మీద మోజు సహజమే. నిజానికి లాభమూ ఉంది: ‘డాన్, అమాన్’తో మొదటి వైపు ముగుస్తుంది, లేచి రికార్డు తిప్పే ఆ కాస్త వ్యవధి సంగీతానికి మేలే చేస్తుంది. అయితే మన ఊళ్లో టర్న్‌టేబుల్ ఉన్న ఇళ్లు తక్కువ, విదేశం నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, సుంకం కలిసి ధర బాగా పెరుగుతుంది, ఆపైన సముద్రపు తేమకు అట్టల మీద బూజు పడుతుంది. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, అప్పుడప్పుడూ బయటికి తీసి ఆరబెట్టే ఓపిక లేనివాళ్లకు 2014 రీమాస్టర్ డిజిటల్ రూపంలో నిరభ్యంతరంగా సరిపోతుంది. అదే ఏడాది వచ్చిన బాక్స్ సెట్‌లో డెమోలు (పాటల తొలి ముసాయిదా రికార్డింగులు), బయటికి రాని రికార్డింగులు, బ్యాండు మీద లాన్స్ బ్యాంగ్స్ తీసిన డాక్యుమెంటరీ ఉన్నాయి. ఆరు పాటలూ కంఠతా వచ్చినవాళ్లు తప్ప దాని జోలికి వెళ్లనక్కరలేదు. కొత్తవాళ్లు ‘వాషర్’తో మొదలుపెట్టి, ‘ఫర్ డిన్నర్’ దాటవేసి, చివరి పాట విన్నాక మొదటి వైపుకు రావచ్చు.