గుడి మైక్‌సెట్‌కు 8 ఓమ్స్ లైనా, 100 వోల్టుల లైనా: ఏది మేలు?

యాంప్లిఫయర్ వెనక స్క్రూల పట్టీ మీద కామన్, 4, 8, 16 ఓమ్స్, 70, 100 వోల్ట్స్ అని ఉంటాయి. వైరు దేనికి బిగించాలో దూరాన్ని బట్టి తేల్చుకోవాలి.

మండపంలోనే రెండు బాక్సులు, వైరు 15 మీటర్లు దాటదనుకుంటే ఓమ్స్ లైనే మేలు. రెండు 8 ఓమ్స్ బాక్సులు ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్ అవుతాయి, ఆ స్క్రూకే ఇవ్వాలి. 100 వోల్టుల లైనులో లాగా బాక్సుకు ట్రాన్స్‌ఫార్మర్ (లైను వోల్టేజీని స్పీకరుకు తగ్గించి ఇచ్చేది) అక్కర్లేదు కాబట్టి డోలు, మృదంగం అడుగు నాదం నిండుగా వస్తుంది. చిన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్లు ఆ బేస్ దగ్గరే తడబడతాయి.

గాలిగోపురం మీది హారన్ 100 మీటర్ల దూరంలో ఉంటే లెక్క మారుతుంది. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కిలోమీటరుకు దాదాపు 12 ఓమ్స్. పోను, రాను 200 మీటర్లకు 2.4 ఓమ్స్. 8 ఓమ్స్ యూనిట్‌కు ఇది తోడైతే హారన్‌కు అందాల్సిన పవర్‌లో 59 శాతమే అందుతుంది. ఖరీదైన ‘ఆడియో కేబుల్’ కొన్నా ఇంతే. రాగి వైరైతే మందం, పొడవు తప్ప ఇక్కడ మరేదీ లెక్కలోకి రాదు.

అదే హారన్‌కు లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 20 వాట్ల ట్యాపింగ్ (హారన్ ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే కనెక్షన్) మీద 100 వోల్టుల లైనుకు కలిపితే, లైనుకు అది 500 ఓమ్స్‌గా కనిపిస్తుంది. దాని ముందు 2.4 ఎంత? పవర్ తగ్గేది ఒక్క శాతంలోపే. ఇక ఓమ్స్ లెక్కలు మాని వాట్లు కూడుకుంటే చాలు: 100 వాట్ల యాంప్లిఫయర్‌కు 20 వాట్ల హారన్లు నాలుగు, మొత్తం 80. మిగతా 20 వాట్లు వదిలేయండి. 30 మీటర్లు దాటినా, హారన్లు రెండుకు మించినా ఇదే నయం.

అయితే పండగ రోజు ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్స్ బాక్సు తెచ్చి ఈ లైనుకే కలుపుతారు. ఫుల్ సౌండ్‌లో అది అడిగేది 1250 వాట్లు! ఫ్యూజ్ పోతుంది, లేదా బాక్సు కాయిల్ మాడుతుంది. పైగా ఆ వైరులో 100 వోల్టులు ఉంటాయి, షాక్ కొడుతుంది. జాయింట్లు టేపుతో సరిపెట్టకుండా వాన తగలని డబ్బాలో కనెక్టర్‌తో బిగించాలి.

లోడ్‌ను మల్టీమీటర్‌తో చూసి నిర్ణయించకండి. అది డీసీ రెసిస్టెన్సే చూపిస్తుంది: 8 ఓమ్స్ స్పీకరుకు ఆరు, ఆరున్నర, ట్రాన్స్‌ఫార్మర్ లైనుకైతే అసలు ఇంపిడెన్స్ (సౌండ్ సిగ్నల్‌కు ఎదురయ్యే మొత్తం అడ్డు) కన్నా చాలా తక్కువ. షార్ట్ అనుకుని మంచి లైను విప్పేస్తారు. 1 కిలోహెర్ట్జ్‌తో కొలిచే ఇంపిడెన్స్ మీటర్ పెడితే 80 వాట్ల లైను 125 ఓమ్స్ దరిదాపుల్లో చూపించాలి.