ఎంజీబీకి ఇంజిన్ వెతుక్కుంటూ: ఆబింగ్డన్, గేడన్, బ్యూలీల్లో నాలుగు రోజులు

మా 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (ఇంగ్లండ్‌లో తయారైన, గుడ్డ టాపున్న చిన్న స్పోర్ట్స్ కారు) ఇంజిన్ గత చలికాలంలో పోయింది. నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్ పల్చబడిన సంగతి నేను చూసుకోలేదు. లోపల నీళ్ళు గడ్డకట్టి ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లుండే ఇనప దిమ్మ) పక్కన వెంట్రుకంత చీలిక పెట్టాయి. అతికిస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందో మాట ఇచ్చినవాళ్ళు లేరు. మార్చక తప్పనప్పుడు మంచి వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, మాది నాలుగు సిలిండర్లది) పెట్టేద్దామని నాకు ఆశ పుట్టింది. సెప్టెంబరులో దక్షిణ ఇంగ్లండ్‌లోని బ్యూలీలో పాత కార్ల సామాన్ల సంత జరుగుతుంది. దానికి రెండు రోజులు ముందే బయల్దేరి, దారిలో చూడాల్సినవి చూసి, నలుగురినీ అడిగి తేల్చుకుందామని నేనూ మా ఆవిడా మామూలు కారులో బయల్దేరాం.

మొదట ఆబింగ్డన్. 1929 నుంచి 1980 అక్టోబరు దాకా ఎంజీ కార్లు తయారైన ఊరు. మా కారు కూడా ఇక్కడే పుట్టింది. ఫ్యాక్టరీని చూద్దామని వెళ్తే మాత్రం నిరాశే, ఆ స్థలం ఎప్పుడో ఇళ్ళకూ ఆఫీసులకూ పోయింది. ఊరి మధ్యలో ఉన్న కౌంటీ హాల్ మ్యూజియానికి వెళ్ళండి. ప్రవేశం ఉచితం, గంటలో అయిపోతుంది. పాత రాతి భవనం లోపల ఫ్యాక్టరీ చివరి రోజుల ఎంజీబీ ఒకటి నిలబడి ఉంది. మా ఆవిడ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "మనది కూడా ఇలా ఉండాలి" అంది. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

రాత్రి బస థేమ్స్ నదికి దగ్గర్లో ఒక ఇంట్లో. గది చిన్నది, మెట్లు ఇరుకు. కానీ చప్పుడు లేదు, కారు పెట్టుకోవడానికి వెనక పెరడు ఉంది. ఇంజిన్ సామాన్లు మోసుకుంటూ తిరిగేవాళ్ళకి ఆ పెరడే ముఖ్యం. బస వెతుక్కునేటప్పుడు ఆ ఒక్కటీ ముందే అడిగి పెట్టుకోండి.

రెండో రోజు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం. దీనికి పూట చాలదు. పక్కనే ఉన్న రెండో భవనంలో మిగతా కార్లన్నీ వరసగా పెట్టారు, దాన్ని వదలకండి. నాకు ఇక్కడ అన్నిటికంటే పనికొచ్చింది కార్లు కాదు, రికార్డులు. మీ ఎంజీ ఏ రోజు తయారైంది, ఏ రంగు, మొదట ఏ ఇంజిన్ నంబరు ఉంది అన్నవి పాత ఫ్యాక్టరీ రికార్డుల్లో చూసి సర్టిఫికెట్ రాసిస్తారు. ఇంజిన్ మార్చే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి. ఒరిజినల్ ఏదో తెలియకుండా దాన్ని మార్చాలా వద్దా అని ఎలా తేల్చుకుంటాం?

మధ్యాహ్నం వీ8 మార్పిడి చేసే ఒక వర్క్‌షాప్‌కి వెళ్ళాం. పేరు రాయను. మర్యాదగా కూర్చోబెట్టారు, వాళ్ళ దగ్గరున్న ఫ్యాక్టరీయే వీ8 పెట్టి చేసిన ఎంజీబీ జీటీని (గట్టి పైకప్పున్న రకం) నడపనిచ్చారు కూడా. ఆ పావుగంట మరిచిపోలేను. నాలుగో గేర్‌లో ముప్ఫై మైళ్ళ వేగం దగ్గర కాలు నొక్కితే చాలు, గొణుగుడు లేకుండా లాక్కుపోయింది. ఆ ఇంజిన్ కథ కూడా గొప్పది. అమెరికాలో బ్యూక్ 1961లో తెచ్చి 1963తో వదిలేసిన అల్యూమినియం వీ8ని బ్రిటిష్ కార్ల కంపెనీ రోవర్ హక్కులు కొని ఇక్కడికి తెచ్చుకుంది. 3528 సీసీ. ఎనిమిది సిలిండర్లున్నా, మా 1798 సీసీ ఇనప ఇంజిన్ కంటే బరువు కాదు. అంతకుముందు ఎంజీబీ బాడీతోనే వచ్చిన ఎంజీసీ అనే కారులో పెట్టిన ఆరు సిలిండర్ల ఇనప ఇంజిన్ కారు ముక్కుని బరువెక్కించి చెడ్డపేరు తెచ్చింది, వీ8తో ఆ గొడవ లేదు. ఫ్యాక్టరీ 1973 నుంచి 1976 దాకా 2591 జీటీ వీ8లు చేసింది.

కానీ నాది జీటీ కాదు, రోడ్‌స్టర్. అందులోనూ 1972ది. ఇంజిన్ గది పక్క రేకుల్ని వీ8కి వీలుగా అన్ని ఎంజీబీలకూ మార్చింది 1974లో నల్ల బంపర్లు వచ్చినప్పుడు. అంతకుముందటి, మాలాంటి క్రోమ్ బంపర్ కారులో ఎగ్జాస్ట్‌కీ స్టీరింగ్ షాఫ్ట్‌కీ చోటు చేయాలంటే రేకు కొట్టాలి, కొయ్యాలి. ఆ సంగతి అడిగితే "అన్నీ సరిపోతాయండీ" అన్నారు. మా కారు కొలతలు తీసుకోకుండానే. రాతపూర్వకంగా అంచనా ఇమ్మంటే తర్వాత పంపుతామన్నారు. ఇప్పటికీ రాలేదు.

కాగితాల సంగతి కూడా ఉంది. నలభై ఏళ్ళు దాటిన కారుకి ఇక్కడ బ్రిటన్‌లో ఏటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డుకి తగినదేనా అని చూసేది) అక్కర్లేదు, కానీ గత ముప్ఫై ఏళ్ళలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అదే ఇంజిన్‌లో సీసీ మారితే ఫర్వాలేదు. సిలిండర్ల సంఖ్యే మారితే మాత్రం ఫ్యాక్టరీ ఆ మోడల్‌కి అలాంటి ఇంజిన్ ఇచ్చిందా అన్న ప్రశ్న వస్తుంది. జీటీకి ఇచ్చింది. 1972 రోడ్‌స్టర్‌కి ఇవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటి వెనక షెడ్డులో ఒక్కడే పనిచేసుకునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఈ ప్రయాణం మొత్తంలో నాకు దొరికిన మంచి సేవ ఆయనదే. ఏ ఇంజిన్ కావాలని ఆయన అడగలేదు. "ఎక్కువ ఏ వేగంలో వెళ్తారు? వెనక యాక్సిల్ రేషియో ఎంత?" అన్నారు. డెబ్భై మైళ్ళు, 3.909 (వెనక చక్రాలు ఒకసారి తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క) అన్నాను. పెన్సిల్ తీసి అట్టముక్క మీద లెక్క వేశారు. నాలుగో గేర్‌లో వెయ్యి ఆర్‌పీఎంకి (ఇంజిన్ నిమిషానికి తిరిగే సార్లు) గంటకి 18 మైళ్ళు, అంటే డెబ్భై దగ్గర ఇంజిన్ 3900 తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజిన్‌ని నెమ్మదిగా తిప్పే అదనపు గేర్) ఉంటే 3200. "మీ చెవులకి నొప్పి పెట్టేది ఇంజిన్ కాదు, ఈ అంకె" అన్నారు.

ఆయన పద్ధతి వెనక నుంచి ముందుకు. మొదట యాక్సిల్, ఆ తర్వాత గేర్‌బాక్స్, దాని తర్వాత క్లచ్. చివరికి వీటన్నిటికీ తగిన ఇంజిన్. వీ8 పెడితే 3.909 యాక్సిల్ పనికిరాదు, ఫ్యాక్టరీ దానికి 3.07 పెట్టింది. యాక్సిల్ మారితే వీ8 టార్క్‌కి (తిప్పే బలానికి) ఆగే గేర్‌బాక్స్ కావాలి. రోవర్ ఎస్‌డీ1 ఐదు గేర్ల బాక్స్ పెడితే కారు మధ్యలో గేర్‌బాక్స్ కూర్చునే టన్నెల్ చాలదు. ఆ తర్వాత రేడియేటర్, బ్రేకులు. ఫోర్డ్ టైప్ 9 ఐదు గేర్ల బాక్స్ గురించి అడిగాను. అయిదో గేర్ 0.82, ఓవర్‌డ్రైవ్‌తో సమానం. కానీ దాని మొదటి గేర్ 3.65. మా యాక్సిల్‌తో కలిస్తే కారు కదిలిన వెంటనే రెండో గేర్ అడుగుతుంది. మాజ్దా ఎంఎక్స్-5 బాక్స్ అయితే మొదటి గేర్ మెరుగు, అతికించే సామాన్లు మాత్రం ఎక్కువ. ఆధునిక ఇంజిన్లన్నిటికీ వైరింగ్, కంప్యూటర్ కూడా వస్తాయి. అంత మార్చాక నాకు ఈ కారు మీద ఉన్న ఇష్టం అలాగే ఉంటుందా అని మా ఆవిడ అడిగింది. ఉండదు.

నిర్ణయం ఆ షెడ్డులోనే అయిపోయింది. మా కారులో ఉన్న రకమే, 18వీ ఇంజిన్ ఒకటి ఆయన సిలిండర్లు బోర్ చేసి (తొలిచి నున్నచేసి), కొత్త పిస్టన్లు, బేరింగులు వేసి ఇస్తారు. ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ నేను వెతుక్కోవాలి.

బ్యూలీ న్యూ ఫారెస్ట్‌లో ఉంది. దారిలో గుర్రాలు రోడ్డు మీదే నిలబడతాయి, వాటంతట అవి కదిలేదాకా ఆగాల్సిందే. సంత రోజుల్లో దగ్గర్లో గదులు దొరకవు. మేం ఆలస్యంగా బుక్ చేసుకుని చాలా దూరంలో ఉండాల్సి వచ్చింది. దానికితోడు పక్క గదిలో అర్ధరాత్రి దాకా గోల. ఆ బస ఎవరికీ చెప్పను. సంత మాత్రం పెద్దది. మొదటి రోజు పొద్దున్నే వెళ్ళండి, మంచి సామాన్లు మధ్యాహ్నానికి ఉండవు. మ్యూజియం చూడటం వేరే రోజుకి పెట్టుకోండి, రెండూ ఒకేరోజు కుదరవు.

మొదట కనిపించిన ఓవర్‌డ్రైవ్ బాక్స్ తళతళలాడుతోంది. కొత్తగా పెయింట్ వేశారు. "మొత్తం ఓవర్‌హాల్ చేసిందే" అన్నాడు అమ్మేవాడు. అడుగున ప్లగ్ తీయమన్నాను. కాస్త ఆలోచించి తీశాడు. కారిన నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాను. బంగారు రంగు పొడి కొంచెం ఉంటే భయం లేదు, అది సింక్రో రింగుల (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) ఇత్తడి. నా వేలికి తగిలింది చేప పొలుసుల్లాంటి ఉక్కు రేకులు. ముందు షాఫ్ట్ పట్టుకుని తిప్పితే బేరింగ్ ఇసకలో తిరుగుతున్నట్టు గరగరలాడింది. దండం పెట్టి వచ్చేశాను.

సాయంత్రం చివరి వరసలో ఇంకొకటి దొరికింది. మట్టి కొట్టుకుపోయి ఉంది, నూనె శుభ్రంగా ఉంది. ఓవర్‌డ్రైవ్ మీద నల్ల లేబుల్ కనిపించింది. మా కారు స్పీడోమీటర్‌కి సరిపోయేది అదే. తర్వాత వచ్చిన నీలం లేబుల్ బాక్స్ పెడితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. ఇద్దరం చెరో పక్క పట్టుకుని కారు డిక్కీలోకి ఎక్కించాం.

ఇంజిన్ వచ్చింది, కొత్త నంబరుతో లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) పంపాను. గేర్‌బాక్స్ ఇంకా బల్ల మీదే ఉంది, అడుగు ప్లేటు విప్పి ఓవర్‌డ్రైవ్ ఫిల్టర్ కడగాలి.