అమడోర్ కొండల్లో ఇటలీ ద్రాక్ష

కాలిఫోర్నియాలో ఫోల్సమ్‌కి వచ్చిన దగ్గర్నుంచీ వైన్ అంటే పేరున్న నాపాకే వెళ్లేవాళ్లం. మొన్న మే నెలలో మొదటిసారి అమడోర్ కౌంటీకి వెళ్లాం. ముప్పావు గంటలో ప్లిమత్ అనే ఊరు వచ్చేసింది. అక్కడి నుంచి షెనెండోవా రోడ్డు ఎక్కితే రెండు పక్కలా ద్రాక్ష తోటలే. మావారు తాగరు కాబట్టి డ్రైవింగ్ గురించి టెన్షన్ లేదు.

ముందు ఒక పెద్ద వైనరీకి, అంటే వైన్ తయారుచేసే చోటికి వెళ్లాం. బుకింగ్ ఉన్నా నలభై నిమిషాలు నిలబెట్టారు, పోసింది కూడా హడావిడిగా పోశారు. దాని గురించి ఇంకేం చెప్పను.

నా మనసు దోచుకుంది దాని తర్వాత వెళ్లిన చిన్న వైనరీ. భార్యాభర్తలిద్దరే నడుపుకుంటున్నారు. ఆ వారమే నాలుగు కొత్త వైన్లు విడుదల చేశారు, అన్నీ ఇటలీ రకం ద్రాక్షలతో చేసినవే. టేస్టింగ్ 20 డాలర్లు, రెండు సీసాలు కొంటే అదీ తీసుకోరు. ముందుగా ఆవిడ మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లి గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టింది. గ్రానైట్ రాయి అరిగి అయిన మట్టి, బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. నీళ్లు నిలవని నేల కాబట్టి కాయ చిన్నదైనా రుచి చిక్కగా ఉంటుందట.

వెర్మెంటినో తెల్ల వైన్, చివర్లో కాస్త ఉప్పదనం తగులుతుంది. చేపల వేపుడు పక్కన ఉంటే బాగుండేది. ఎర్ర వైన్లలో సాంజొవేజే ఫర్వాలేదు, అంతే.

బార్బెరా మాత్రం అద్భుతం. ఎండ ఎక్కువైతే చాలా రకాల ద్రాక్షల్లో పులుపు చచ్చిపోతుంది, ఇందులో నిలబడుతుంది. ఇక్కడ వేసవిలో పగలు మాడిపోయినా రాత్రి సియెర్రా కొండల గాలి దిగి చల్లబరుస్తుంది. అందుకే పండిన నల్ల చెర్రీ రుచితో పాటు నోరూరించే పులుపూ దక్కింది. వగరు దాదాపు లేదు. సీసా 34 డాలర్లకి నాపాలో ఇలాంటిది నాకెప్పుడూ దొరకలేదు.

48 డాలర్ల నెబ్బియోలో దగ్గర నేను ఒప్పుకోలేకపోయాను. రంగు ఎంత పలచనంటే గ్లాసు వెనక నా వేళ్లు కనిపించాయి. నోట్లో పోసుకుంటే జామపిందె కొరికినంత వగరు. ఇదే ద్రాక్షతో చేసే బరోలో అనే వైన్ని ఇటలీలో కనీసం 38 నెలలు నిల్వ ఉంచాకే అమ్మనిస్తారు. వీళ్లు రెండేళ్లకే బయటికి తెచ్చారు. ఆ మాటే ఆవిడతో అంటే నొచ్చుకోలేదు. "మీరన్నది నిజమే, కొన్నా రెండు మూడేళ్లు తెరవకండి" అంది. ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

రాత్రికి దగ్గర్లోని ఊరు సట్టర్ క్రీక్‌లో ఒక పాతకాలపు ఇంట్లో బస చేశాం. పొద్దున టిఫిన్ బాగా పెట్టారు, కానీ మా గది రోడ్డు వైపు కావడంతో తెల్లవారుజామునే లారీల మోత మొదలైంది. మీరు వెళ్తే వెనక వైపు గది అడగండి. చిన్న వైనరీలు చాలావరకు శుక్రవారం నుంచి ఆదివారం దాకానే తెరుస్తాయి. ఎండాకాలమైతే సీసాలు కారులో వదిలేయకండి, వైన్ పాడైపోతుంది. మేం ఐస్‌బాక్స్ తీసుకెళ్లాం.

మూడు బార్బెరా, ఒక వెర్మెంటినో తెచ్చుకున్నాను. ఆదివారం గోంగూర మటన్‌తో ఒక బార్బెరా తెరిచాను. గోంగూర పులుపు ముందు ఏ ఎర్ర వైనైనా చప్పబడిపోతుంది, ఇది చప్పబడలేదు.