పాత కారు హ్యాండ్‌బ్రేక్ పట్టేస్తోందా? గ్రీజా, కొత్త కేబులా?

మారుతి 800 లాంటి పాత బండిని వానాకాలంలో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే వెనక చక్రం పట్టేయడం మామూలే. ముందు తప్పెక్కడుందో తేల్చుకోండి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక చక్రాన్ని జాకీతో లేపి, లీవర్ దించి, చక్రం తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే కేబుల్ బిగువు సర్దే అడ్జస్టర్ నట్టు వదులు చేయండి. అప్పుడు తిరిగితే దోషం చాలావరకు కేబుల్‌దే. అప్పటికీ తిరగకపోతే కేబుల్ తొడుగులోనే ఇరుక్కుని ఉండొచ్చు, లేదా దోషం వెనక చక్రం లోపలి బ్రేక్ డ్రమ్ములో ఉండొచ్చు. దోషం డ్రమ్ములో ఉంటే కేబుల్ మార్చినా డబ్బు దండగ.

ఖర్చు: గ్రీజుకి నామమాత్రం. కేబుల్‌కి సామాను, కూలీ రెండూ.

శ్రమ: గ్రీజు ఒక పూట పని. కేబుల్‌కి డ్రమ్ములు విప్పాలి. తుప్పు పట్టిన డ్రమ్ము ఊడిరావడమే సగం యుద్ధం.

రిస్కు: పైతొడుగు చిట్లి నీళ్లు దిగిన కేబుల్‌కి గ్రీజు పెడితే కొన్నాళ్లు జారుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. జిడ్డు బ్రేక్ షూలకు (డ్రమ్మును లోపల్నుంచి ఒత్తి పట్టే ముక్కలకు) అంటితే మరీ ప్రమాదం, బ్రేకే సరిగా పట్టదు.

తొడుగు బాగుండి, కేబుల్ కాస్త బిరుసుగా మాత్రమే కదులుతుంటే గ్రీజు చాలు. తొడుగు చిట్లినా, తీగ పోగులు తెగినా కొత్తదే వేయించండి. ఘాట్ రోడ్లెక్కే బండికైతే నేను గ్రీజు జోలికే పోను. కేబుల్ దొరికేదాకా బండిని చదునైన చోట గేర్లో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టండి.