24 పొద్దున క్యోటో, 25 సాయంత్రం ఒసాకా

జపాన్ పండుగలు చూడాలి, ఎప్పుడు వెళ్ళమంటావని ఎవరడిగినా నాది ఒకటే మాట. క్యోటోలో జరిగే గియోన్ పండుగకి జూలై 17న కాదు, 24న వెళ్ళండి. మకాం క్యోటోలో కాకుండా ఒసాకాలో పెట్టుకోండి. మర్నాడే ఒసాకాలో తెన్‌జిన్ పండుగ కాబట్టి నాలుగు రోజుల్లో రెండూ చూసేయొచ్చు. పోయిన జూలైలో అమ్మ, నేను, పదో తరగతి చదివే మా అమ్మాయి అలాగే వెళ్ళొచ్చాం. అమ్మకి 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉంది, చేప వాసన అస్సలు పడదు.

ముందు బస సంగతి. ఆ వారం క్యోటోలో గదుల ధరలు చూసి గుండె గుభేలుమంది. ఒసాకాలో మినామి మోరిమాచి స్టేషన్ దగ్గర తీసుకుంటే దాదాపు సగానికే వచ్చింది. తెన్‌జిన్ పండుగ జరిగే ఒసాకా తెన్‌మాంగూ గుడి అక్కడికి నాలుగు అడుగులే. గది మాత్రం బాగా ఇరుకు. ముగ్గురికి సరిపోతుందని సైట్‌లో చూసి బుక్ చేశాను కానీ, రెండు పెట్టెలు విప్పితే నడవడానికి చోటు లేదు. గది ఎన్ని చదరపు మీటర్లో చూడకుండా బుక్ చేయకండి. ఇంకో మాట. స్టేషన్‌లో లిఫ్ట్ ఉన్న గేటు ఏదో ముందే తెలుసుకోండి. మేము తప్పు గేటు నుంచి వచ్చి, పెట్టెలతో అమ్మని మెట్లెక్కించాల్సి వచ్చింది.

ఒసాకా ఉమెదా నుంచి హంక్యూ కంపెనీ రైలెక్కితే ముప్పావు గంటలోపే క్యోటో కరసుమా స్టేషన్. టికెట్ సుమారు 400 యెన్లు. దిగి పైకొస్తే పండుగ వీధుల మధ్యలోనే ఉంటారు.

గియోన్ పండుగ 869లో మొదలైంది. ఊళ్ళో అంటురోగం ప్రబలితే, దేశంలోని 66 రాష్ట్రాలకి గుర్తుగా 66 హోకోలు, అంటే ఈటెల్లాంటివి, నిలబెట్టి శాంతి చేశారట. ఇప్పుడవి రథాలయ్యాయి. 17న 23 రథాలు, 24న 11 వస్తాయి. ఈ రెండు ఊరేగింపుల్నీ 1966లో ఒకే రోజుకి కలిపేశారు. మళ్ళీ 2014లో విడదీశారు. రెండో విడతకి, అంటే 24కి ముందు రాత్రుళ్ళు వీధుల్లో తినుబండారాల కొట్లు ఉండవు. సందడి, లాంతర్ల కింద తోపులాట, వేయించిన వాసనలు కావాలనుకునే కుర్రకారు 15, 16 తేదీల్లోనే వెళ్ళాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి రెండో విడతే హాయి.

22 సాయంత్రం షిన్‌మాచి వీధిలో తిరిగాం. పాత చెక్క ఇళ్ళలో రథాలకి కట్టే గుడ్డలు, తివాచీలు పరిచి చూపిస్తారు. రథాల మీదినుంచి పిల్లంగోవి, పళ్ళెంలాంటి గంట, డోలు వినిపిస్తుంటాయి. ఆ గంట మోతని వాళ్ళు "కోన్ చికి చిన్" అంటారు. అమ్మ పుట్టిల్లు కలంకారీ అద్దకాల పెడన. ఒక ఇంట్లో ఒక గుడ్డ ముందు ఆగిపోయింది. ఎర్ర నేల మీద తీగ, ఆ తీగకి విచ్చుకున్న పూలు, అంచున సన్నటి గొలుసు. కార్డు మీద "ఇండియా" అన్న మాట మా అమ్మాయి ఫోన్‌తో చదివింది. ఇక్కడి రథాల పాత తివాచీల్లో కొన్ని మన దక్కన్‌లో నేసినవని పరిశోధకులు గుర్తించారు. అప్పట్లో డచ్చివాళ్ళు మచిలీపట్నం నుంచి అద్దకపు గుడ్డలు ఓడల్లో తూర్పు దేశాలకి తీసుకెళ్ళేవారు. ఆ గుడ్డ ఏ ఊరిదో కార్డు మీద లేదు. అమ్మకి ఆ సందేహమే లేదు. "ఈ గీత మనవాళ్ళదే" అంది, పది నిమిషాలు కదల్లేదు.

24 పొద్దున ఊరేగింపు తొమ్మిదిన్నరకి కరసుమా ఒయికే కూడలిలో మొదలవుతుంది. ఒయికే వీధిలో డబ్బు కట్టే కుర్చీలుంటాయి, ఒక్కోటి నాలుగు వేల యెన్ల చుట్టుపక్కల. అమ్మ కోసం తీసుకున్నాం. కూర్చోవడానికి బాగుంది కానీ నీడ లేదు. గొడుగు విప్పితే వెనకవాళ్ళకి అడ్డం. ఎండ, ఉక్కపోత విజయవాడ మే నెలకి ఏమాత్రం తీసిపోవు. టోపీ, తడి తువ్వాలు, మనిషికి రెండు సీసాల నీళ్ళు ఉండాల్సిందే. నాకైతే ఆ కుర్చీలకన్నా కవరామాచి ఒయికే మలుపే నచ్చింది. పెద్ద రథాలు పన్నెండు టన్నుల దాకా బరువుంటాయి, చక్రాలు పక్కకి తిరగవు. అందుకని చీల్చిన పచ్చి వెదురు బద్దలు చక్రాల కింద పరిచి, నీళ్ళు పోసి, పక్కనుంచి తాళ్ళతో లాగుతారు. ముందు నిలబడ్డవాళ్ళు విసనకర్రలు చాచి కేక వేయగానే రథం మొత్తం కిర్రుమంటూ జారుతుంది. మూడు నాలుగు లాగుళ్ళకి మలుపు తిరిగిపోతుంది. చివర వచ్చేది ఒఫునే హోకో, ఓడ ఆకారంలో ఉన్న రథం. 1864 అగ్నిప్రమాదంలో కాలిపోతే, 150 ఏళ్ళ తర్వాత 2014లో మళ్ళీ కట్టుకున్నారు. అది కనపడగానే పక్కనున్న పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

టైముంటే మధ్యాహ్నం షిన్‌మాచి వీధికి తిరిగి రండి. ఆ ఇరుకు సందులో రథాలు ఇళ్ళ చూరులకి తగిలీ తగలనట్టు వెళ్తాయి. డబ్బు కట్టక్కర్లేదు, చేయి చాస్తే అందేంత దగ్గర. రథాలు వాటి చోటికి చేరగానే విప్పడం మొదలుపెడతారు. మేకులు లేకుండా తాళ్ళతో బిగించిన కట్లు కాబట్టి ఎంత తొందరగా విప్పుతారో చూడాలి. వెదురాకు కట్టలాంటి చిమాకి ఒకటి కొనుక్కున్నాం. అది తినేది కాదు, రోగాలు రాకుండా గుమ్మానికి కట్టుకునేది.

తిండి గురించి శాకాహారులకి ఖచ్చితంగా చెప్పాలి. మాంసం లేదంటారు, పులుసులో చేప ఉంటుంది. ఉడోన్ అనే లావు నూడుల్స్, సోయా ముద్దతో చేసే మిసో సూప్, ఒకోనోమియాకి అనే అట్టు పిండి, దాదాపు అన్నిట్లోనూ చేప నుంచి తీసిన దాషి అనే రసం. అమ్మకి పులిహోర పేస్టు, కందిపొడి, ఊరగాయ తీసుకెళ్ళడం మంచిదైంది. ప్యాకెట్ అన్నం కన్వీనియన్స్ స్టోర్‌లో దొరికింది, హోటల్ మైక్రోవేవ్‌లో వేడి చేసుకున్నాం. ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరిన పుల్లటి పండు పెట్టిన ఒనిగిరి అన్నం ముద్ద అమ్మాయికి బాగా నచ్చింది. దాని మీద రాసిన పదార్థాలు కూడా ఫోన్‌తో చదివించాకే అమ్మకి ఇచ్చాం.

25న మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో తెన్‌మాంగూ నుంచి ఊరేగింపు బయల్దేరింది. దాదాపు మూడు వేల మంది పాల్గొంటారు. అందరూ రాత్రి బాణసంచా గురించే చెప్తారు కానీ నేను దీనికే పెద్ద పీట వేస్తాను. పొడవాటి ఎర్ర టోపీలు పెట్టుకున్న ఆరుగురు ఒక పెద్ద డోలు చుట్టూ కూర్చుంటారు. ఆ డోలు ఉన్న పల్లకీని కింద దుంగ పెట్టి ఏతంలా పైకీ కిందకీ ఊపుతుంటే, వెల్లకిలా పడుతూ లేస్తూ దెబ్బ తప్పకుండా వాయిస్తారు. ఈ గుడి దేవుడు సుగవారా నో మిచిజానే, ఒకప్పటి పండితుడు. రాజధాని నుంచి దూరంగా పంపేస్తే, అక్కడే 903లో చనిపోయాడు. ఇప్పుడు పరీక్షలు రాసే పిల్లలు ఆయనకే మొక్కుతారు. మా అమ్మాయి చెక్క పలక మీద తెలుగులో ఏదో రాసి కట్టింది, నన్ను చూడనివ్వలేదు.

సాయంత్రం ఆరు నుంచి ఒకావా నదిలో వంద దాకా పడవలు. పడవ టికెట్లు మా తాహతుకి మించినవి, గట్టు మీద చాప పరుచుకున్నాం. పడవ దగ్గరికి రాగానే గట్టు మీదవాళ్ళు, పడవలోవాళ్ళు కలిసి "ఉచిమాషో" అని రెండు చప్పట్లు, "మో హితోత్సు సే" అని ఇంకో రెండు కొడతారు. పక్కనున్న బామ్మగారు అమ్మ చేతులు పట్టుకుని తాళం నేర్పింది. దేవుడున్న పడవ వచ్చినప్పుడు మాత్రం చప్పట్లు లేవు, అంతా నిశ్శబ్దం. అమ్మ దణ్ణం పెట్టుకుంది.

బాణసంచా అయ్యాక స్టేషన్ల ముందు జనం గంటకి పైగా కదల్లేదు. మేము అమ్మ నడకకి తగ్గట్టు, మధ్యలో రెండుచోట్ల కూర్చుంటూ, ఇరవై అయిదు నిమిషాల్లో ఆ ఇరుకు గదికి చేరిపోయాం.