జేబులో ఏది మేలు: మల్టీటూలా, స్విస్ చాకా, కటింగ్ ప్లేయరా?

రొయ్యల గుంటల మీద తిరిగేవాడి దగ్గర ఏ పనిముట్టు ఉండాలన్నది మా నెల్లూరు జిల్లా విడవలూరు వైపు గట్ల మీద తెగని చర్చ. ఒకాయన నడుముకు లెదర్‌మన్ మల్టీటూల్, అంటే పిడిలో చాకులు మడిచి ఉండే పట్టకారు, తగిలించుకుని తిరుగుతాడు. ఇంకొకాయన దాన్ని చూసి "అదంతా షోకు, స్కూటర్ డిక్కీలో కటింగ్ ప్లేయరు ఉంటే చాలదా?" అంటాడు. నేను రెండూ వాడాను, మధ్యలో స్విస్ చాకు కూడా వాడాను. వీటన్నిటికంటే ముందు ఒక చౌక మల్టీటూల్ కొని భంగపడ్డాను. దాని సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను.

నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లినప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర వెలిసే అంగళ్లలో కొన్నాను దాన్ని. పేరూ ఊరూ లేని సరుకు, మెరుపు మాత్రం వెండిలా ఉండేది. ఒక తెల్లవారుజామున మూడు గంటలకు, గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిపోయింది. గుంటలో ఆక్సిజన్ అడుగంటే వేళ అది. రాత్రంతా రొయ్యలతోపాటు నీటిలోని పాచి కూడా దాన్ని పీల్చుకుంటూనే ఉంటుంది, మళ్లీ పుట్టాలంటే ఎండ రావాలి. మెయిన్ ఆపి, టార్చి నోట కరచుకుని, స్టార్టర్ పెట్టె మూత విప్పబోయాను. స్టార్ స్క్రూడ్రైవర్ మొన మైనంలా మెలి తిరిగింది. అంతటితో ఊరుకోలేదు, స్క్రూ తల మీది గాడిని కూడా అరగదీసి మరీ తిరిగింది. "అన్నా, ఇక దీన్ని ఏ స్క్రూడ్రైవరూ పట్టదు" అన్నాడు కాపలా కుర్రవాడు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. చివరికి పక్క గుంట వాళ్ల కటింగ్ ప్లేయరుతో ఆ స్క్రూ తలను బిగించి పట్టుకుని తిప్పితే గాని మూత ఊడలేదు.

అంగట్లో ఇలాంటివి చేతికి వస్తే పట్టకారు మూసి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. కొసల దగ్గర దవడలు కలవకపోతే సన్న తీగను పట్టదు. చాకును తెరిచి పక్కలకు కదపండి, ఊగితే అక్కడే వదిలేయండి.

ఇక అసలైన పోటీ. స్విస్ చాకు, లెదర్‌మన్ ఎందుకు పుట్టాయో తెలిస్తే ఏది ఎందుకు పనికివస్తుందో సగం తెలిసినట్టే. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులోని ఇబాక్‌లో చాకుల కార్ఖానా పెట్టాడు, 1891లో స్విస్ సైన్యానికి సరఫరా మొదలుపెట్టాడు. సిపాయి డబ్బా మూత తెరిచి తినాలి, తుపాకీ విప్పి బిగించాలి. అందుకే ఆ చాకులో ఒక అలుగు (కోసే రేకు), డబ్బా మూత తీసేది, స్క్రూడ్రైవర్, రంధ్రం చేసే సూది ఉండేవి. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్ 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, దాని రిపేర్లతో వేగలేక, జేబులోని చాకుకు పట్టకారు కూడా ఉంటే ఎంత బాగుండునని అనుకున్నాడు. ఆ ఆలోచన అంగడికి రావడానికి 1983 దాకా పట్టింది. ఒకటి చాకు, దానికి తోడు కొన్ని పనిముట్లు. రెండోది పట్టకారు, దాని పిడిలో చాకులు.

నేను పోల్చినవి లెదర్‌మన్ వేవ్ ప్లస్, ఎల్సెనర్ పెట్టిన కంపెనీ విక్టోరినాక్స్ చేసే హంట్స్‌మన్ అనే స్విస్ చాకు. వేవ్ ప్లస్ 241 గ్రాములు, హంట్స్‌మన్ వంద గ్రాములలోపే. కాగితం మీద ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. నిక్కరు జేబులో వేవ్ వేసుకుని గట్టు మీద పది అడుగులు నడిస్తే ఒక చెయ్యి నడుము మీదే ఉంచుకోవలసి వస్తుంది. లుంగీ కట్టిన రోజు ఆ మాటే లేదు. హంట్స్‌మన్ చొక్కా జేబులో ఉన్నట్టే తెలియదు, అందుకే అది ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది.

పనిలో మాత్రం వేవ్‌దే పైచేయి. ఒక చేత్తో వల పట్టుకుని రెండో చేత్తో చాకు తెరవవచ్చు, తెరిచాక అది లాక్ అవుతుంది. రంపపు పళ్ల అలుగు నైలాన్ తాడును ఒక్క గుంజుకు తెంపుతుంది. హంట్స్‌మన్ అలుగుకు లాకు లేదు, వెనక్కి నొక్కితే వేళ్ల మీదికి మడుచుకుంటుంది. దాని కత్తెర మాత్రం అమోఘం. మేత బస్తా కుట్టు దారం తెంపడానికి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే వలకు మాటు వేయడానికి వేవ్ కత్తెర దీని ముందు బలాదూరు. హంట్స్‌మన్‌లో స్టార్ స్క్రూడ్రైవర్ విడిగా లేదు, డబ్బా మూత తీసేదాని మొనతోనే సర్దుకోవాలి. చాలా స్క్రూలకు అది సరిపోతుంది. వేవ్‌కు బిట్లు, అంటే స్క్రూడ్రైవర్ మొనలు, మార్చుకునే ఏర్పాటు ఉంది కాని, లోతుగా దిగిన స్క్రూ దగ్గరికి దాని లావుపాటి ఒళ్లు పోనివ్వదు.

తుప్పు విషయంలో ఎవరినీ నమ్మవద్దు. అలుగు మీద స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నా ఉప్పు నీటికి లొంగనిది లేదు. పదును నిలవడానికి వేసే కార్బన్ వల్ల చాకు ఉక్కుకు వంటపాత్రల ఉక్కుకు ఉన్నంత తుప్పు నిరోధం ఉండదు. వేవ్‌లో కీళ్లు ఎక్కువ, ఉప్పు దాక్కునే సందులూ ఎక్కువే. సాయంత్రం బోరు నీళ్లలో ముంచి ఆడించి, తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. కొబ్బరి నూనె వేస్తే కొన్నాళ్లకు జిగటపడి కీళ్లు బిగుసుకుంటాయి.

డిక్కీలో కటింగ్ ప్లేయరు చాలన్న ఆయన మాట నిజమయ్యేది కరెంటు దగ్గర. వేవ్ పిడి మొత్తం లోహమే. మన ఏరియేటర్లకు వచ్చేది మూడు ఫేజుల 415 వోల్టులు, కింద తడి మట్టి, కాళ్లకు చెప్పులుండవు. మెయిన్ ఆపినా జనరేటర్ వైపు నుంచి ఎవరో ఆన్ చేయవచ్చు. అక్కడ నేను మల్టీటూల్ బయటికి తీయను. పిడి మీద 1000 వోల్టులు అని ముద్ర ఉన్న కటింగ్ ప్లేయరు, ఒక టెస్టరు, ఒక పొడవాటి స్టార్ స్క్రూడ్రైవర్ ఉండాలి. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు వేవ్ ధరలో ఒక మూలకు రాదు. ప్లేయరు పిడి తొడుగు ఎక్కడైనా చిట్లితే మాత్రం దాన్ని తీగల జోలికి పోనివ్వకండి.

గుంటల మీద ఉండేవారికి నేను చెప్పేది ఇది: జేబులో హంట్స్‌మన్, డిక్కీలో ఆ మూడు. దర్శి, పొదిలి వైపు మెట్ట పొలాల్లో డ్రిప్ పైపులు, కంచె తీగలతో రోజంతా తంటాలు పడేవారికి, ఇంటికి దూరంగా బండి మీద తిరిగేవారికి వేవ్ పెట్టుబడి దండగ కాదు. తీగ కోసే అలుగులు అరిగితే మార్చుకోవచ్చు, కంపెనీ హామీ 25 ఏళ్లు. నెల్లూరు టౌనులో ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి అది బరువు చేటే.

చెన్నై వెళ్లి విమానం ఎక్కేటప్పుడు ఏదైనా సరే కౌంటరు దగ్గర అప్పగించే పెట్టెలోనే పెట్టండి, చేతి సంచిలో ఉంటే తీసేసుకుంటారు. స్టార్ స్క్రూడ్రైవర్లు మాత్రం రెండు కొనండి. ఒకదాన్ని పక్క గుంట వాళ్లు అరువు పట్టుకెళ్తారు.