పాత ఎస్‌ఎంపీఎస్: కరెంటుకు వంక లేదు, గొడవంతా ఫ్యాన్‌తోనే

మూలన పడ్డ కంప్యూటర్‌లోంచి తీసిన 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను (ఇంటి కరెంటును కంప్యూటర్‌కు కావలసిన తక్కువ వోల్టులకు మార్చే డబ్బా) కొన్నేళ్లుగా పనిబల్ల మీద సప్లైగా వాడుతున్నాను. ఆకుపచ్చ వైరును నల్లదానికి కలిపితే ఆన్ అవుతుంది. పసుపులో 12 వోల్టులు, ఎరుపులో 5. ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, చిన్న మోటార్లు, కారు స్టీరియోలు పరీక్షించుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ కేబినెట్‌లో ఉన్నన్నాళ్లూ పట్టించుకోని మోత, చెవికి మూరెడు దూరంలోకి వచ్చేసరికి తల తినేసింది.

నాది వెనక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న రకం. వేడిని బట్టి వేగం మార్చే సర్క్యూట్ ఇందులో లేదు, ఫ్యాన్ నేరుగా 12 వోల్టుల లైనుకే ఉంది. అందుకని లోడ్, అంటే కరెంటు లాగే పరికరం, ఉన్నా లేకపోయినా ఒకటే మోత. కాకపోతే ఒక తమాషా గమనించాను. ఎరుపు లైను ఖాళీగా వదిలేసి పసుపు మీద గట్టి లోడ్ పెడితే ఫ్యాన్ శబ్దం కాస్త తగ్గేది. మీటర్ పెట్టి చూస్తే 12 వోల్టులు 11.3కి దిగాయి. పాత సప్లైల్లో చాలావాటికి రెండు లైన్లనూ కలిపి ఒకే సర్క్యూట్ సర్దుతుంది. 5 దగ్గర లోడ్ లేకపోతే 12 దిగజారుతుంది. అంటే వేడి పెరిగే సమయానికే గాలి తగ్గుతోందన్నమాట! 5 వోల్టుల లైనుకు 10 ఓమ్‌ల, 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్ కట్టాక పరిస్థితి మెరుగుపడింది. అది రెండున్నర వాట్లు వేడిగా వదులుతుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఫ్యాన్ గాలి తగిలేచోటే బిగించాలి.

ఫ్యాన్‌ను పసుపుకీ ఎరుపుకీ మధ్య కలిపి 7 వోల్టుల మీద తిప్పే చిట్కా కూడా చూశాను. మోత బాగా తగ్గింది, కానీ 8 ఆంపియర్ల లోడ్ పెట్టిన కాసేపటికే డబ్బా మీద చెయ్యి ఆనలేదు. 12 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లంటే 96 వాట్లు. ఈ కాలంనాటి సప్లై సామర్థ్యం 70 శాతం అనుకున్నా, 40 వాట్ల వేడి లోపలే పుడుతుంది. లోపల కరెంటును నిల్వచేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమైనట్టే లెక్క. నిశ్శబ్దం కోసం వాటిని ఉడకబెట్టడం నాకు నచ్చలేదు, ఆ వైరింగ్ తీసేశాను.

నిజానికి మోతలో సగం బేరింగ్‌దే. ఫ్యాన్ మధ్యనున్న స్టిక్కర్ ఒలిచి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తే, ఆన్ చేయగానే వచ్చే కీచుమనే శబ్దం పోయింది. కొన్ని నెలలే. తర్వాత బాల్ బేరింగ్ ఫ్యాన్ వేశాను. అదే సైజు, అదే 25 మిల్లీమీటర్ల మందం, గాలి కూడా పాతదానికి తగ్గకుండా చూసుకున్నాను. నిశ్శబ్దమని అమ్మే ఫ్యాన్లు చాలావరకు తక్కువ గాలి తోసేవే. రేకులోనే చిల్లులు కొట్టిన పాత జాలీని కత్తిరించి తీగ జాలీ బిగించాక హోరు ఇంకొంత తగ్గింది. రేకు రజను లోపల పడకుండా సర్క్యూట్ బోర్డు బయటికి తీశాకే ఆ పని చేయాలి.

మూత తీసేవాళ్లు ఒక్కటి మరవకండి. 230 వోల్టుల కరెంటు మీద లోపలి పెద్ద కెపాసిటర్ల మీద 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్ పీకగానే అది పోదు. మీటర్‌తో చూసుకోకుండా వేలు పెట్టకూడదు.

కొత్త ఫ్యాన్‌తో వచ్చిన చిక్కల్లా, ఆగిపోయినా చెవికి తెలియకపోవడం. వేగం తెలిపే మూడో వైరు లేని రెండు వైర్ల ఫ్యాన్ కాబట్టి సప్లైకీ తెలియదు. జాలీకి దారప్పోగు ఒకటి కట్టాను, ఎగురుతుంటే తిరుగుతున్నట్టు.

ఇప్పుడే పాతది వెతుక్కునేవాళ్లయితే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్నదాన్ని చూడండి. నెమ్మదిగా తిరుగుతూనే సరిపడా గాలి లాగుతుంది. కాకపోతే ఫ్యాన్ ఉన్న వైపు బల్లకు ఆనించి పెట్టకండి, గాలి లోపలికి వెళ్లేది అటునుంచే.